ప్లాస్టిక్ డ్రిప్పర్‌లో మరిగే నీళ్లు పోయొచ్చా?

జయనగర్_డికాక్షన్:
మొన్న ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ డ్రిప్పర్ (కాఫీ పొడి వేసి పైనుంచి వేడి నీళ్లు పోసే గరాటు లాంటిది) తెప్పించాను. చిత్తూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ నేను అందులో మరిగిన నీళ్లు పోస్తుంటే చూసి, "లక్షణమైన ఇత్తడి ఫిల్టరు అటక మీద పడేసి ఈ డబ్బాలో కాఫీ ఏంట్రా, ఒంటికి మంచిదేనా" అంది. నాకూ టెన్షన్ పట్టుకుంది. పారేయాలా?

మారతహళ్లి_బ్యాచిలర్:
ముందు దాన్ని తిరగేసి చూడండి బ్రో. త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్. అది కరగాలంటే 160 డిగ్రీల దాకా పోవాలి, మీ నీళ్లు మహా అయితే 100. బీపీఏ (కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం) గొడవంతా గాజులా గట్టిగా ఉండే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ది. పైగా నీళ్లు అందులో ఉండేది రెండు మూడు నిమిషాలు.

యలహంక_అమ్మ:
కరక్కపోతే ఏమీ రాలదనుకుంటే ఎలాగండీ? 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పేపర్ కప్పులో 100 మి.లీ. వేడి నీళ్లు 15 నిమిషాలు ఉంచి చూస్తే సుమారు 25,000 ప్లాస్టిక్ నలుసులు తేలాయి. ఆ కప్పులేం కరిగిపోలేదుగా! ఆ బీపీఏకే 2023లో యూరప్ వాళ్లు రోజువారీ పరిమితిని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించారు. అంతకుముందు రోజు దాకా అది సేఫే మరి.

మారతహళ్లి_బ్యాచిలర్:
అసలు రాలవని నేనూ అనను. కానీ పేపర్ కప్పు లోపలిది పల్చటి ప్లాస్టిక్ పొర, అందులో కాఫీ పావుగంట నానుతుంది, డ్రిప్పర్‌తో దానికి పోలికేంటి? నన్నడిగితే భయపడాల్సింది పార్సిల్ కాఫీకి. మా ఆఫీసు కింద హోటల్లో పొగలు కక్కే కాఫీని పల్చటి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి దారం చుట్టి ఇస్తారు. పైకొచ్చేలోపు కవరు మెత్తబడి సాగుతుంది, వేళ్లు కాలుతుంటాయి. దాని మీద ఏ నంబరూ లేదు. ఇడ్లీ పాత్రలో గుడ్డకి బదులు ప్లాస్టిక్ షీటు వేస్తున్నారని 2025లో కర్ణాటక ప్రభుత్వం నిషేధించిందాకా మనం లొట్టలేసుకుంటూ తినలేదా? ఇంట్లో డ్రిప్పర్ మీద మాత్రం విచారణ కమిషన్!

యలహంక_అమ్మ:
బయట తింటున్నాం కాబట్టి ఇంట్లోనూ పర్లేదనడం ఏం లాజిక్కు బాబూ? స్టీలు ఫిల్టరు ఉండగా ఈ తలనొప్పెందుకు?

జయనగర్_డికాక్షన్:
తిరగేసి చూశానండీ, నంబరే లేదు. పక్కన పెట్టేశాను. పెద్దమ్మ అప్పుడే ఇత్తడి ఫిల్టరు దించి చింతపండుతో తోముతోంది.

యలహంక_అమ్మ:
ఆగండాగండి. లోపల కళాయి పూత ఉందో లేదో చూశారా?