రాత్రిళ్లు ఫోన్ ఆపేస్తే రైతులు ఊరుకుంటారా?

గట్టుమీదోడు (ఇందుకూరుపేట):
రొయ్యల చెరువులకు టెక్నీషియన్‌గా చేస్తుండా. వనామీ రకం రొయ్య వేసిన ప్రతి రైతు దగ్గరా నా నంబరుంది. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిందంటే ఫోన్ చెయ్యాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ రాత్రి పదకొండింటికి మేత ట్రే ఫోటో పెట్టి, ‘నీలం టిక్కులు పడ్డాయి, జవాబేదన్నా’ అంటే ఎట్టా? అన్నం కాడ కూడా చెయ్యి ఫోన్ మీదకే పోతావుంది. మా ఆవిడైతే ఏమన్నా చెప్పాలంటే వాట్సాప్‌లోనే పెడతాంది, ఎదురుగా కూర్చోనే.

కావలి కుర్రోడు:
వాట్సాప్ ప్రైవసీలో రీడ్ రిసీట్స్ ఆపెయ్ అన్నా, నీలం టిక్కులు పడవు. గ్రూపుల్లో మాత్రం టిక్కులు ఆగవు.

ఒంగోలు టీచరమ్మ:
ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళలు దాటాక ఉద్యోగి ఫోన్‌కు పలక్కుండా ఉండే హక్కు చట్టంలోనే ఉందండీ. మన రొయ్యకు చట్టాలు తెలీవనుకోండి.

కోవూరు మెకానిక్:
డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, వెంటనే రెండోసారి చేసిన కాల్ మోగేట్టు పెట్టుకో సామీ. నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఆగితే రెండుసార్లు ఫోన్ కొట్టమను. మేత సంగతి పొద్దున చూసుకోవచ్చు.

గట్టుమీదోడు:
ఇది బాగుంది. పెట్టేశా. కాకపోతే మావోళ్లు మేతకు కూడా రెండుసార్లే కొడతారు.