ఈఎస్‌బీ బీరు సీసాలో ఆ రుచి ఎందుకు రావట్లేదు?

అందరికీ నమస్కారం. లండన్‌లో ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ మంచుముక్కలా చల్లగా ఉన్న లాగర్ తప్ప వేరే బీరు ఎరగను. పోయిన వారం చిజిక్‌లో ఒక పబ్బులో ఫుల్లర్స్ కంపెనీ ఈఎస్‌బీ (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్, అంటే బిట్టర్ రకం ఇంగ్లిష్ బీరు) తాగాను. పీపాలోంచి చేతిపంపుతో లాగి పోశారు. చింతపండుతో తోమిన రాగిచెంబు రంగు. నురగ పల్చగా, గ్యాస్ చాలా తక్కువ. ముందు నారింజ తొక్కల మార్మలేడ్ వాసన, ఆ వెనకే ముదురు బెల్లంపాకం, మింగాక నాలుక చివర కాకరకాయ చేదు చాలాసేపు నిలిచింది. అబ్బ, ఎంత బాగుందో!

ఇంటికి సీసా తెచ్చుకుని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే ఆ పరిమళం ఏదీ లేదు, ఉత్త చేదే. ఆల్కహాల్ పీపాలోదాంట్లో 5.5 శాతం, సీసాలోదాంట్లో 5.9 శాతం అని తెలుసు. తేడా దానివల్లేనా, లేక చల్లదనం వల్లా? పబ్బు సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీలు ఉంచుతారట. ఫ్రిజ్‌లోంచి తీశాక ఎంతసేపు ఆగాలి? ఎలాంటి గ్లాసు వాడాలి?

ఇంకోటి. వేరే పబ్బులో ఇలాంటి బిట్టరే తాగితే సిర్కాలా పుల్లగా తగిలింది. మొహమాటపడి మార్చమని అడగలేదు. పీపా పాడైందనేనా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.