నిశ్శబ్దం అడిగితే రబ్బరు చేతికొచ్చింది: మీటల చప్పుళ్లకు మన మాటలు

మిత్రులకు నమస్కారం. మొన్న కీబోర్డు కొనబోయి ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

హనుమకొండలో ఇంటి దగ్గరే తెలుగు పుస్తకాలు టైపు చేస్తుంటాను. రాత్రి భోజనాలయ్యాకే నా పని సాగుతుంది. పక్క గదిలో అమ్మ పడుకుంటుంది. ఇన్నాళ్లూ వాడినది మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి మీట కింద విడిగా ఒక స్ప్రింగు స్విచ్చు ఉండేది. స్విచ్చుల రకాలను రంగులతో పిలుస్తారు. నాది నీలం రకం, నొక్కిన ప్రతిసారీ క్లిక్కుమంటుంది. సెలవురోజుల్లో దాని మీదే మా అబ్బాయి ఆటలు ఆడతాడు. ఇద్దరికీ పనికొచ్చేది, ఇంట్లో నిద్ర చెడగొట్టనిది కావాలని చౌరస్తా దగ్గర దుకాణానికి వెళ్లి, "నిశ్శబ్దంగా ఉండే కీబోర్డు ఇవ్వండి" అన్నాను. ఆయన వెంటనే మీటల కింద రబ్బరు పొర ఉండే మామూలు కీబోర్డు తెచ్చి ముందు పెట్టారు. నేను అడిగిన మాటకు అది సరైన జవాబే. స్ప్రింగు స్విచ్చులున్నదే కావాలంటే, "మరి మీకు ఏ చప్పుడు వద్దు?" అని అడిగారు. రోజంతా తెలుగు అక్షరాలతో గడిపే నాకు ఆ ప్రశ్నకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి పాత కీబోర్డు ముందు కూర్చుని, ఒక్కో మీటనూ మెల్లగా నొక్కుతూ విన్నాను. ఒకటే చప్పుడు అనుకున్నది ఒకటి కాదు. మీట దిగి అడుగుకు తగిలితే "టక్". వేలు తీయగానే అది లేచి పైకప్పుకు తగిలితే, అంతకన్నా సన్నగా "టిక్". నీలం స్విచ్చులో ఈ రెండింటికీ ముందే, మీట సగం దూరం దిగేసరికి క్లిక్కు పుడుతుంది. అందుకే ఎంత మృదువుగా నొక్కినా అది మాయం కాదు. స్పేస్‌బార్‌ది మరో తీరు. పొడుగు మీట ఒరిగిపోకుండా దాని కింద ఒక తీగ ఉంటుంది. అది వదులైతే లొడలొడ మొదలవుతుంది. కొన్ని కీబోర్డుల్లో స్ప్రింగు సన్నగా ఖంగుమంటుంది. పెట్టె లోపల ఖాళీ ఎక్కువైతే అన్ని చప్పుళ్లూ డొల్లగా మోగుతాయి. కొబ్బరికాయను వేలితో కొట్టి చూసేవాళ్లకు ఈ డొల్ల ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఈ మాటలు దొరికాక మందు కూడా దొరికింది. లొడలొడకు తీగ కొసల్లో కాస్త గ్రీజు చాలు. డొల్లకు పెట్టె లోపల నురగ పలక పరచాలి. మీటల కింద రబ్బరు ఉంగరాలు తొడిగితే "టక్" తగ్గుతుంది కానీ "టిక్" అలాగే ఉంటుంది, నీలం స్విచ్చు క్లిక్కు అసలే తగ్గదు. దిగే చప్పుడూ లేచే చప్పుడూ రెండూ తగ్గాలంటే స్విచ్చు లోపలే మెత్తలు ఉండాలి. చెర్రీ కంపెనీ మామూలు ఎరుపు స్విచ్చు 45 గ్రాముల ఒత్తిడికి పలుకుతుంది. 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. అదే కంపెనీ చప్పుడు తగ్గించిన ఎరుపులో ఒత్తిడి అంతే, దూరాలు మాత్రం 1.9, 3.7. దీనిలోనూ చప్పుడు ఉంటుంది, పక్క గది దాకా పోదు. దీన్ని "నిశ్శబ్ద కీబోర్డు" అనడం నాకు మనసొప్పడం లేదు. నిః, శబ్దం కలిస్తే నిశ్శబ్దం. శబ్దమే లేనిచోట ఆ మాట వాడాలి.

మీట అడుగుకు తగలడాన్ని నేను "అడుగంటడం" అని రాసుకుంటున్నాను. "మీట అడుగంటకుండా టైపు చేస్తే సగం చప్పుడు తగ్గుతుంది" అంటే మీకు అర్థమవుతుందా? ఇంకేమైనా మంచి మాట ఉందా?

జవాబులు

వరంగల్ నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు: బాబూ, అడుగంటడం అంటే జనానికి చెరువు ఎండిపోవడమో, అన్నం మాడడమో గుర్తొస్తుంది. మీట విషయంలో అపార్థం రాదంటావా?

నా జవాబు: మాస్టారూ, నాకూ ముందు ఆ సందేహమే వచ్చింది. కానీ రెండు చోట్లా ఉన్నది అడుగు, అంటు అనే రెండు ముక్కలే. నీళ్లు అడుగును అంటుతాయి, మెతుకులు అడుగును అంటుతాయి. మీట కూడా చేసేది అదే. మీరు పాఠం చెప్పినప్పటి నుంచీ "అడుగు" అంటే నాకు పోతన పద్యమే. గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి అడుగుదామని వెళ్లి, అడగలేక, అడుగులు తడబడే చోటు. అందులో మూడో పాదం "వెడవెడ సిడిముడి తడఁబడ". పన్నెండు అక్షరాలు, అన్నీ లఘువులే, రెండో అక్షరం నుంచి ఒకటి విడిచి ఒకటి డకారం. నేను వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో డకారం కుడిచేతి చిటికెన వేలి కింద, చదరపు బ్రాకెట్ మీట మీద ఉంది. ఆ పాదం టైపు చేస్తే చిటికెన వేలు ఆరుసార్లు దిగి లేస్తుంది. పోతన ఊరు బమ్మెరలో తాటాకు మీద గంటం కదిలినప్పుడు ఏ సవ్వడి వచ్చిందో గానీ, నా బల్ల మీద ఆ పాదం నడకలాగే వినబడుతుంది. కొత్త కీబోర్డు ఏది చూసినా ముందు ఇదే టైపు చేస్తాను. అన్నిటికన్నా బలహీనమైన వేలు అలసిపోకపోతే మిగతావాటికి భయం లేదు.

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలు: అన్నగారూ, శబ్దానికి తద్భవంగా "సద్దు" ఉండనే ఉంది. "సద్దు లేని కీబోర్డు" అనవచ్చు కదా?

నా జవాబు: అక్కా, మాట చక్కనిదే. ఒక్కటే ఇబ్బంది, మన వైపు సద్దులు అనగానే సద్దుల బతుకమ్మ మనసులోకి వస్తుంది. అది చద్ది నుంచి వచ్చిన సద్ది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. కానీ "సద్దుమణగడం" నాకు బాగా నచ్చుతుంది, అందులో ఉన్న చప్పుడు తగ్గిపోవడం ఉంది. లోపలి మెత్త చేసే పనికి అంతకన్నా దగ్గరి మాట దొరకదేమో.

సిరిసిల్ల నుంచి ఒక సభ్యుడు: అన్నా, మా ఇంటికి రెండు వైపులా మరమగ్గాలే. దాన్ని మేము చప్పుడు అనము, మోత అంటాము. మోతలో హాయిగా నిద్రపోతాము. కరెంటు పోయి మోత ఆగితేనే మెలకువ వస్తుంది. ఆగి ఆగి వచ్చేదే నిద్ర చెడగొడుతుంది. మీ కీబోర్డుది ఆ కోవకు చెందుతుంది.

నా జవాబు: తమ్ముడూ, ఇది నాకు తట్టనే లేదు. ఒక వాక్యం గబగబా కొట్టి, తర్వాతి మాట కోసం ఆగి, మళ్లీ కొడతాను. అమ్మకు తెలివి వచ్చేది ఆ మళ్లీ కొట్టినప్పుడేనేమో. ఆమె దాన్ని చప్పుడనీ మోతనీ అనదు. కొత్త కీబోర్డు వచ్చిన రెండో రోజు పొద్దున, "రాత్రి తొందరగా పడుకున్నావా? నీ గదిలో అలికిడి లేదు" అంది. ఒంటిగంట దాకా మేల్కొనే ఉన్నాను. మనిషి ఉన్నాడని తెలిపే చప్పుడు అలికిడి. ఇన్నేళ్లూ నా టకటక ఆమెకు అలా వినబడిందని ఆ రోజే తెలిసింది.

మంచిర్యాల నుంచి ఒక విద్యార్థి: సార్, ఇంతకీ ఏది తీసుకున్నారు? నేను టైపింగు నేర్చుకుంటున్నాను, ఆటలు కూడా ఆడతాను.

నా జవాబు: మెత్తలున్న ఎరుపు స్విచ్చులది తీసుకున్నాను బాబూ. మధ్యలో వేలికి ఏదీ తగలకుండా సాఫీగా దిగుతుంది. అడుగున మాత్రం పిండిలో దిగినట్టు మెత్తగా ఉంటుంది, అలవాటుకు నాకు వారం పట్టింది. టైపు చేసేటప్పుడు అక్షరం పడిన సంగతి వేలికి తెలియాలనుకుంటే గోధుమరంగు రకంలో మెత్తలున్నవి చూడు. ఆటలకు మా అబ్బాయి సాఫీ రకమే బాగుందన్నాడు. ఆటలో పరుగుకు వాడే W, A, S, D అనే నాలుగు మీటలు నాకు ఇన్‌స్క్రిప్ట్‌లో వరుసగా ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. వాడు కుడికి పరుగెత్తే మీటే నా పొల్లు మీట. ఒత్తు రాసిన ప్రతిసారీ నేనూ దాన్నే నొక్కాలి, పాతదానిలో అన్నిటికన్నా ముందు నునుపెక్కింది అదే. అందుకే స్విచ్చు ఊడదీసి మార్చుకోగలిగే కీబోర్డు తీసుకో, ఒక్క మీట పాడైతే మొత్తం పారేయనక్కర్లేదు. దుకాణంలో స్పేస్‌బార్‌ను రెండు చివర్లా నొక్కి లొడలొడ ఉందేమో విను. తర్వాత వాళ్లను అడిగి, పోతన మూడో పాదం ఒకసారి టైపు చేసి చూడు.