రెండు బాత్రూములున్న ఇంటికి కాంబీ బాయిలర్ చాలుతుందా, ట్యాంకు ఉండాల్సిందేనా?

మేడమీదిగది:
నీళ్లు కాచే పాత గ్యాస్ బాయిలర్ మార్చక తప్పని పరిస్థితి. కాంబీ అంటే ట్యాంకు లేకుండా కుళాయిలకూ, రేడియేటర్లకూ తానే నీళ్లు కాచే బాయిలర్. ఇంట్లో నలుగురం, రెండు బాత్రూములు, వేడినీళ్లతో గదులను వెచ్చబరిచే రేడియేటర్లు తొమ్మిది. పొద్దున ఏడింటికి ఇద్దరు ఒకేసారి స్నానానికి వెళ్తారు. చూడటానికి వచ్చిన ఒకాయన, "వేడినీళ్ల ట్యాంకు తీసేయండి, 35 కిలోవాట్ల కాంబీ పెడతాను, అల్మారా ఖాళీ అవుతుంది" అన్నారు. రెండో ఆయన ట్యాంకు మాత్రం తీయొద్దన్నారు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. ఎవరి మాట వినాలో తేల్చుకోలేక నాలుగు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

నిప్పుకణిక:
కాంబీయే పెట్టించండి. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఉంది. కుళాయి తిప్పినప్పుడే నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి "ముందు వెళ్లినవాళ్లు నీళ్లన్నీ వాడేశారు" అనే గొడవే లేదు. ట్యాంకులో నీళ్లు మీరు వాడినా వాడకపోయినా చల్లారుతూనే ఉంటాయి, వాటిని మళ్లీ మళ్లీ కాచడానికి గ్యాస్ ఖర్చవుతుంది. పైగా స్థలం కలిసొస్తుంది.

లెక్కలపిచ్చి:
నిప్పుకణిక గారూ, మీ ఇంట్లో బాత్రూములు ఎన్ని? అసలు తేడా అక్కడే ఉందండి.

లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. గట్టి చలిలో పైపులో నీళ్లు 5 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. స్నానానికి 40 కావాలి, అంటే 35 డిగ్రీలు పెంచాలి. అప్పుడు 24 కిలోవాట్ల కాంబీ నిమిషానికి దాదాపు 10 లీటర్లు ఇస్తుంది. 30 అయితే 12, 35 అయితే 14. మామూలు షవర్ ఒక్కటే 8 నుంచి 10 లీటర్లు లాగుతుంది. రెండూ తిప్పితే 16 నుంచి 20. పెద్ద కాంబీకి కూడా లెక్క కుదరదు.

ఎండాకాలంలో పైపు నీళ్లు 15 డిగ్రీలు ఉంటే అదే 35 కిలోవాట్లు 20 లీటర్లు ఇస్తుంది. అందుకే ఎండల్లో పెట్టించుకున్నవాళ్లు మొదట్లో బ్రహ్మాండం అంటారు, చలి ముదిరాక అదే షవర్ సన్నబడిందని బాధపడతారు. కరపత్రంలో లీటర్ల అంకె చూసినప్పుడు అది ఎన్ని డిగ్రీల పెంపుకో కూడా చూడండి.

నిప్పుకణిక:
మాకు ఒకటే బాత్రూము. ఆ మాట ముందే చెప్పాల్సింది, ఒప్పుకుంటాను. కానీ నిమిషానికి 6, 7 లీటర్లు వాడే షవర్ తలలు దొరుకుతున్నాయి కదా. అవి పెడితే 35లో రెండూ నడుస్తాయి.

లెక్కలపిచ్చి:
నడుస్తాయి. అదే సమయంలో వంటింట్లో ఎవరూ వేడినీళ్లు తిప్పకూడదు.

పానాపట్టిన చెయ్యి:
ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కిలోవాట్ల దగ్గర మొదలుపెట్టకండి, బకెట్ దగ్గర మొదలుపెట్టండి. వంటింటి చన్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి, 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. నిమిషం పట్టిందంటే మీ ఇంటికి వచ్చేదే 10 లీటర్లు. బాయిలర్ నీళ్లను కాచగలదు కానీ పుట్టించలేదు. నీళ్లే రాని ఇంట్లో పెద్ద కాంబీ బిగించిన సందర్భాలు చూశాను, ఆ ఇంటివాళ్లు పెట్టిన డబ్బంతా వృథా.

రెండో విషయం ఎవరూ అడగరు, నాకు చాలా ముఖ్యం. ఆ 35 అనే అంకె కుళాయి కోసమే. కాస్త ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) ఉన్న మామూలు ఇంటికి రేడియేటర్లకు చాలాసార్లు 10 కిలోవాట్ల లోపే చాలు, చలి తక్కువున్న రోజు మూడో నాలుగో. బాయిలర్ తగ్గగలిగే కనిష్ఠం 7 అయితే అది వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం. గ్యాస్ ఎక్కువ కాలుతుంది, పరికరం త్వరగా అరుగుతుంది. కాబట్టి గరిష్ఠం కంటే కనిష్ఠం ఎంతో ముందు అడగండి.

రేడియేటర్లకు వెళ్లే నీటిని 75 డిగ్రీల్లో పెట్టి వదిలేసే అలవాటు కూడా మానాలి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు దాదాపు 55 కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, అందులో దాగిన వేడి మనకు దక్కుతుంది. కాంబీలో కుళాయికి, రేడియేటర్లకు వేడి విడివిడిగా పెట్టుకోవచ్చు, అది దాని మంచి గుణం. ట్యాంకు ఉంటే సూక్ష్మజీవులు పెరగకుండా నీళ్లు 60 దగ్గర ఉంచాలి, మామూలు కంట్రోళ్లతో రేడియేటర్లకూ ఆ వేడే వెళ్తుంది.

చలిరాత్రి:
నేను ట్యాంకు పక్షం. పోయిన చలికాలం మా కాంబీ ఆగిపోయింది. విడిభాగం వచ్చేసరికి నాలుగు రోజులు. ఇంట్లో వెచ్చదనమూ లేదు, వేడినీళ్లూ లేవు, చంటిపిల్లతో ఉన్నాం. ట్యాంకు ఉంటే అందులోని కరెంటు హీటర్‌తో కనీసం స్నానాలు గడిచేవి. రేపు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటికిచ్చే కరెంటు యంత్రం) పెట్టుకోవాలన్నా ట్యాంకు కావాలి, అది కుళాయి తిప్పగానే నీళ్లు కాచలేదు. ఒకసారి ఆ అల్మారాలో బట్టలు సర్దాక మళ్లీ చోటెక్కడ దొరుకుతుంది?

నిప్పుకణిక:
మీ మాట విన్నాక నా వాదన కొంత తగ్గించుకుంటున్నాను. పిల్లలున్న ఇంట్లో ఆ నాలుగు రోజులు ఎంత కష్టమో ఊహించగలను. వృథా విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

లెక్కలపిచ్చి:
పాత ట్యాంకైతే మీరన్నది నిజం. మందంగా ఇన్సులేషన్ ఉన్న కొత్తది రోజుకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లే పోగొడుతుంది. చలికాలంలో ఆ వేడీ ఇంట్లోనే ఉంటుంది.

మేడమీదిగది:
బకెట్ పెట్టి చూశాను. వంటింట్లో నిమిషానికి 11 లీటర్లు. అంటే 35 కిలోవాట్ల కాంబీ మాకు అక్కర్లేదన్నమాటేనా? మరి ఇన్నాళ్లూ రెండు షవర్లు బాగానే నడిచాయి కదా, అది అర్థం కావడం లేదు.

పానాపట్టిన చెయ్యి:
అటక మీద చన్నీళ్ల ట్యాంకు ఉందా?

మేడమీదిగది:
ఉంది, పెద్దదే.

పానాపట్టిన చెయ్యి:
అదే కారణం. రాత్రంతా నిదానంగా నిండిన నీళ్లు పొద్దున రెండు షవర్లకూ పైనుంచి దిగుతున్నాయి. దాన్ని తీసేస్తే మీకు మిగిలేది ఆ 11 లీటర్లే, కాంబీ పెట్టినా అంతే. అటక ట్యాంకు లేకుండా వీధి పైపు ఒత్తిడితో నడిచే కొత్తరకం వేడినీళ్ల ట్యాంకు పెట్టినా అంతే. ముందు వీధిలోంచి ఇంట్లోకి వచ్చే పైపు ఎంత లావుందో చూపించుకోండి.

మేడమీదిగది:
వచ్చిన ఇద్దరిలో ఒక్కరూ అటక ఎక్కి చూడలేదు, ఈ మాట అడగలేదు. ప్రస్తుతానికి రెండు ట్యాంకులూ అలాగే ఉంచి, కనిష్ఠం తక్కువున్న మామూలు బాయిలర్ చూస్తున్నాను. పైపు చూడటానికి మనిషి శనివారం వస్తున్నారు. అది మార్చితే మళ్లీ బకెట్ పెట్టి, వచ్చిన అంకె ఇక్కడే రాస్తాను.