రీమ్యాప్ తర్వాత ఘాట్‌లో కూలెంట్ తన్నుతోంది: హెడ్ బోల్టులు తీసి స్టడ్‌లు వేయించాలా?

అడిగినది: విజయనగరం సభ్యుడు

అందరికీ నమస్కారం. నాది 2.2 లీటర్ల టర్బో డీజిల్ బండి, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 85 ఎం.ఎం. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు) చేయించి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) పెంచాక ఊళ్లో, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, నిండా మనుషులూ సామానూ ఉంటే, కూలెంట్ డబ్బా మూతలోంచి నీళ్లు తన్నేస్తున్నాయి. రేడియేటర్ పై హోసు వేలితో నొక్కినా దిగనంత బిగుసుకుంటోంది. ఘాట్ దిగాక మళ్లీ మామూలే. ఆయిల్లో నీళ్లు కలవలేదు, తెల్లపొగ లేదు.

మా మెకానిక్ ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే గాస్కెట్ మార్చి కొత్త బోల్టులు వేద్దామంటున్నాడు. బోల్టుల బదులు స్టడ్‌లు (రెండు చివర్లా మరలుండి, పైన నట్ బిగించే కడ్డీలు) వేయించమని ఇంకొందరు చెప్తున్నారు, ఖర్చు బాగానే ఉంది. నిజంగా తేడా ఉంటుందా? హెడ్ దింపకుండా ఒక్కో బోల్టూ తీసి స్టడ్ పెట్టేయొచ్చని ఒకాయన అన్నారు, అది కూడా చెప్పండి.

పలాస సభ్యుడు

ముందు థర్మోస్టాట్, డబ్బా మూత, రేడియేటర్ చూశారా? హెడ్ దింపే పని పెద్దది, చిన్నవి తేల్చుకున్నాకే దానికి దిగండి.

విజయనగరం సభ్యుడు

మూత, థర్మోస్టాట్ కొత్తవి వేశాం. రేడియేటర్ బాగుంది. బ్లాక్ టెస్ట్ (కూలెంట్‌లో మంట గ్యాస్ ఉందేమో చూసే పరీక్ష) చేయిస్తే నీలం మందు ఆకుపచ్చకి తిరిగింది.

శ్రీకాకుళం సభ్యుడు (ఇంజిన్ రీబిల్డ్ పని)

అయితే మంట గ్యాస్ కూలెంట్‌లోకి పోతోంది, అనుమానం అక్కర్లేదు. లోడు మీద మాత్రమే వస్తోందంటే ఆ క్షణానికి హెడ్ వెంట్రుకవాసి లేచి, లోడు తగ్గగానే మళ్లీ కూర్చుంటూ ఉండాలి. రీమ్యాప్ చేసిన డీజిల్‌లో ముందు అనుమానించాల్సింది అదే.

ఎందుకు లేస్తుందో లెక్క వేసి చూడండి. 85 ఎం.ఎం. బోర్‌లో ప్రెషర్ 160 బార్ ఉంటే హెడ్‌ని పైకి నెట్టే బలం 9 టన్నుల పైచిలుకు. ట్యూనింగ్‌తో అది 200 బార్‌కి పోతే 11 టన్నులు దాటుతుంది. ఒక్క సిలిండర్‌కే అంత. దీన్ని ఆపాల్సింది చుట్టూ ఉన్న నాలుగైదు బోల్టులు, అవి కూడా పక్క సిలిండర్‌తో పంచుకునేవే. అమెరికాలో 2003-07 నాటి ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్‌కి సిలిండర్ చుట్టూ నాలుగే బోల్టులు. వాటిని ట్యూన్ చేసినవాళ్లకి హెడ్ లేవడం పెద్ద తలనొప్పి అయింది, స్టడ్‌లు వేయించడం అక్కడ మామూలు విషయమైపోయింది.

ఇక కంపెనీ బోల్టుల సంగతి. టార్క్ (తిప్పే బలం) పెట్టి తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో రాస్తే అవి చాలావరకు సాగే బోల్టులు. బిగించేటప్పుడే వాటి హద్దు దాటించి సాగదీస్తారు. సాగిపోయిన నవారు మంచానికి మళ్లీ బిగించినా కుంగుతుంది కదా, వీటి పరిస్థితీ అంతే. పాతవి ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్లీ వాడొద్దు.

స్టడ్ అలా హద్దు దాటదు. బ్లాక్‌లో కదలకుండా కూర్చుంటుంది, పైన నట్ ఒక్కటే తిరుగుతుంది. మెలితిరగడం తక్కువ కాబట్టి పట్టు అన్నిచోట్లా సమానంగా వస్తుంది. నట్ వైపు సన్నమర ఉంటుంది, బిగింపు మన చేతిలో ఉంటుంది. బ్లాక్‌లోని మరలు కూడా అరగవు. బలం సంగతికొస్తే, 10.9 రకం బోల్టు తెగే బలం 1,000 మెగాపాస్కల్స్ పైన. స్టడ్‌లు తయారుచేసే ఏఆర్‌పీ వాళ్ల ఏఆర్‌పీ 2000 లోహం 1,500 వరకూ తట్టుకుంటుంది.

సాలూరు సభ్యుడు (లారీ పని)

మా దగ్గర లారీలన్నీ ఘాట్ మీదే బతుకుతాయి. కంపెనీ బోల్టులతోనే ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఈ స్టడ్‌లు అంత అవసరమా అన్నయ్యా?

శ్రీకాకుళం సభ్యుడు

మీ మాట నిజమే. పవర్ పెంచని బండికి కొత్త కంపెనీ బోల్టులు చాలు, నేను కూడా అవే వేస్తాను. ఈయన పవర్ పెంచారు, వెనక్కి తీసుకెళ్లే ఉద్దేశం లేకపోతే స్టడ్‌లే మేలు.

అయితే స్టడ్ గాస్కెట్‌కి మందు కాదు. గ్యాస్ ఒకసారి దారి చేసుకుందంటే గాస్కెట్ అంచు దెబ్బతిన్నట్టే. హెడ్ దింపకుండా ఒక్కోటి మార్చడం అన్నది బాగున్న ఇంజిన్‌కి ముందుజాగ్రత్తగా చేసే పని, అది కూడా నాకు నచ్చదు. బోల్టు రంధ్రం అడుగున చేరిన ఆయిల్, మురికి ఎలా తీస్తారు? అందులోకి స్టడ్ దింపితే ఆ ద్రవానికి పోయే దారుండదు, బ్లాకే చీలొచ్చు. మీ బండికి హెడ్ దింపాల్సిందే.

దింపాక హెడ్‌నీ బ్లాక్‌నీ రెండింటినీ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకి ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.05 ఎం.ఎం. రేకు దూరితే నేనైతే ఫేసింగ్‌కి (ఉపరితలం చదును చేయించడానికి) పంపిస్తాను, మీ మాన్యువల్ హద్దు కూడా చూసుకోండి. స్టీల్ రేకుల గాస్కెట్‌కి ఫేసింగ్ చాలా నున్నగా రావాలి. ఎంత తీశారో రాసిపెట్టుకోండి. పిస్టన్ బ్లాక్ మీదకి ఎంత లేస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి, గాస్కెట్ అంచున గాట్లు చూసి మందం ఎంచుకోవాలి. ఇది వదిలేస్తే వాల్వులు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

బ్లాక్ మరలకి కొత్త ట్యాప్ వేయనివ్వకండి, అది లోహాన్ని కోసేస్తుంది. మరలు శుభ్రం చేసే చేజర్ వేరే ఉంటుంది, అదే వేసి గాలి కొట్టండి. రంధ్రం నీళ్ల దారిలోకి తెరుచుకుని ఉంటే అక్కడి స్టడ్‌కి సీలెంట్ రాయాలి. స్టడ్‌ని చేత్తో బిగిస్తే చాలు, రెంచ్ వద్దు.

ఎక్కువ పనులు చెడేది లూబ్ (రాపిడి తగ్గించడానికి మరలకి రాసే జిడ్డు) దగ్గరే. పెట్టిన టార్క్‌లో సుమారు పదో వంతే పట్టుగా మారుతుంది, మిగతాది రాపిడి తినేస్తుంది. స్టడ్‌లతో వచ్చిన లూబ్ బదులు ఇంజిన్ ఆయిల్ రాస్తే టార్క్ రెంచ్ అదే అంకె చూపిస్తుంది గానీ పట్టు రాదు. ఆ లూబ్‌ని నట్ మరలకీ, నట్ వాషర్ మీద కూర్చునే చోటికీ రాయండి. స్టడ్ తయారీదారు ఇచ్చిన అంకెనే పట్టుకోండి, పాత బోల్టుల డిగ్రీల లెక్క ఇక్కడ పనికిరాదు. మధ్య నుంచి బయటికి, మూడు సమాన విడతల్లో బిగించాలి.

కొనేముందు ఒకటి చూసుకోండి: స్టడ్ పైకి పొడుచుకొస్తుంది కాబట్టి వాల్వ్ కవర్‌కీ, క్యామ్‌కీ తగలకూడదు. ఇంజిన్ బండిలోనే ఉంటే హెడ్‌ని స్టడ్‌ల పైనుంచి నిటారుగా దింపే జాగా ఉందా అన్నదీ కొలవండి.

విజయనగరం సభ్యుడు

చాలా థాంక్స్ అన్నయ్యా. బోర్ పని కూడా చేయిద్దామా అనుకుంటున్నాను. తర్వాత మళ్లీ బిగించాలా? బూస్ట్ తగ్గించాలా?

శ్రీకాకుళం సభ్యుడు

బోర్ చేయిస్తే స్టడ్‌లు ముందే కొని షాపులో ఇవ్వండి తమ్ముడూ. బిగింపు పెరిగితే బోర్ ఆకారం కాస్త మారుతుంది. అందుకే హెడ్ బదులు బిగించే మందపాటి టార్క్ ప్లేట్‌ని అవే స్టడ్‌లతో బిగించి హోనింగ్ (బోర్ లోపలి గోడ నున్నగా రుద్దడం) చేయాలి. మళ్లీ బిగించడమా వద్దా అన్నది గాస్కెట్, స్టడ్ కాగితాల్లో ఎలా ఉంటే అలాగే.

బూస్ట్ కంటే ముందు ట్యూనర్‌ని ఇంజెక్షన్ టైమింగ్ ఎంత ముందుకి జరిపారో అడగండి. డీజిల్ ముందుగా పడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట మొదలై ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. లోడు మీద టైమింగ్ కొంచెం వెనక్కి తెప్పించండి, పవర్ పెద్దగా తగ్గదు. ఎగ్జాస్ట్ వేడి మాత్రం కాస్త పెరుగుతుంది, గేజ్ పెట్టించుకుని చూసుకోండి. పని అయ్యాక మొదట ఎస్.కోట వైపు అనంతగిరి ఘాట్‌కి తక్కువ లోడుతో వెళ్లి కూలెంట్ మట్టం చూడండి, అది కదలకపోతే అప్పుడు సుంకి ఎక్కండి.