షుగర్ 8.1 వచ్చింది, అన్నం మానేద్దామనుకుంటున్నా. చేసినవాళ్లు చెప్పండి

ఖమ్మం కుర్రోడు

అందరికీ నమస్కారం. పేరుకే కుర్రోడిని, వయసు 46, బరువు 88 కిలోలు. షుగర్ వచ్చి నాలుగేళ్లయింది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) పోయినేడు 7.2 ఉండేది, మొన్న 8.1 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన బిళ్ళ రోజుకి రెండు వేసుకుంటున్నా. డాక్టరు గారు ఇంకో బిళ్ళ కలుపుదామంటే నేనే మూడు నెలలు ఆగమన్నా. మా బావమరిది అన్నం మానేసి 11 కిలోలు తగ్గాడు, ఇంటికొచ్చినప్పుడల్లా బెల్టు కొత్త బెజ్జం చూపిస్తాడు.

మా ఇంట్లో పొద్దున ఇడ్లీనో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. మాంసం ముట్టం, గుడ్డు వరకే. అన్నం తీసేస్తే కంచంలో మిగిలేది కూరే కదా, వట్టి కూర ఎలా తింటారండీ? పోయిన నెల నాలుగు రోజులు ట్రై చేశా. మూడో రోజుకి తలనొప్పి, పిక్కలు పట్టేయడం. నాలుగో రోజు మా అమ్మ కొత్త ఆవకాయ జాడీ తీసింది, అంతే, అక్కడితో సరి. అన్నం బదులు కొర్రలు, రాత్రి చపాతీ తింటే సరిపోతుందా?

పప్పుచారు

అన్నా, చపాతీ దగ్గర నేనూ ఏడాది మోసపోయా. బియ్యంలో వంద గ్రాములకి 78 గ్రాములు పిండిపదార్థం, గోధుమపిండిలో 64, జొన్నల్లో 68 దాకా, కొర్రల్లో కూడా 60కి తగ్గదు. పీచు ఎక్కువ కాబట్టి కాస్త మెల్లగా అరుగుతాయి, కాదనను. కానీ మిల్లెట్సే కదా అని కంచం నిండా పెట్టుకుంటే లాభం లేదు. నాలుగు పుల్కాలు తిన్న రెండు గంటలకి నా మీటర్‌లో 212 వచ్చింది, అప్పటికి గానీ నమ్మలేదు.

నేనూ గుడ్డు వరకే. అన్నం ఒకేసారి మానలేదు, ముందు కొలిచా. రైస్ కుక్కర్‌తో పాటు ప్లాస్టిక్ కప్పు ఇస్తారు చూడండి, అది తలగొట్టి పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం. మధ్యాహ్నం నేనొక్కడినే ఆ కప్పుడు బియ్యం అన్నం లాగించేవాడిని, అంటే 115 గ్రాముల పైన పిండిపదార్థం. రోజంతా కలిపి 130 లోపు ఉంటే లో కార్బ్ అంటారు, కీటో అయితే 50 లోపే. పొద్దున తిన్న ఇడ్లీలు ఇంకా లెక్కలోకే రాలేదు!

ఇప్పుడు పొద్దున రెండు గుడ్ల అట్టు, ఉల్లిపాయా పచ్చిమిర్చీ బాగా వేసి. మధ్యాహ్నం వండిన అన్నం వంద గ్రాములు, అందులో 28 గ్రాములే ఉంటుంది, దాని పక్కన పావు కిలో కూర. వట్టి కూర తినలేకపోవడానికి కారణం ఉంది, మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి చేసేవి కాబట్టి ఉప్పూ కారం దానికి తగ్గట్టే వేస్తాం. సగానికి తగ్గించి వండించుకోండి, గిన్నెలో పెట్టుకుని చెంచాతో హాయిగా తినొచ్చు. బీరకాయ, సొరకాయ, దొండకాయ, వంకాయ, గోంగూర ఎంతైనా లాగించండి, దుంపల జోలికి మాత్రం పోకండి. కందిపప్పులోనూ సగానికి పైన పిండిపదార్థమే, కాబట్టి పప్పు చిన్న కప్పుతో ఆపాలి. రాత్రి మీల్ మేకర్ వేపుడో పనీరో, పెరుగు, గుప్పెడు వేరుశనగలు. చారు గ్లాసులో పోసుకుని తాగేస్తా, పేరు ఊరికే పెట్టుకోలేదు.

మీ తలనొప్పి, పిక్కలు పట్టేయడం చాలావరకు ఉప్పు తగ్గి వచ్చినవే అయ్యుంటాయి. పిండిపదార్థం తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపేస్తాయి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు తాగండి, బీపీ ఉంటే అడిగి తాగండి. మొదటి వారం తగ్గే బరువు కూడా ఎక్కువ నీళ్లే, అది చూసి బావమరిదికి ఫోన్ చేయకండి.

రెండో సీటు

ఆగండాగండి. మజ్జిగ దాకా వచ్చారు కానీ బిళ్ళ సంగతి ఎత్తలేదు. గ్లిమిపిరైడ్ ఉంది కదా, మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. నేను డాక్టరుకి చెప్పకుండా అన్నం మానేసి, బిళ్ళ మాత్రం అలాగే వేసుకున్నా. ఐదో రోజు సూర్యాపేట నుంచి హైదరాబాద్ వస్తుంటే చిట్యాల దాటాక ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, ఫోన్ లాక్ నంబరు ఎంతకీ గుర్తు రాలేదు. పక్క సీటు పెద్దావిడ మనవడి కోసం కొన్న పల్లీ పట్టీ విరిచి నా చేతిలో పెట్టింది. అది తిన్నాక కూడా మీటర్‌లో 58. అప్పట్నుంచి జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం లేకుండా గడప దాటను.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత భయం లేదు. గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం మొదలుపెట్టక ముందే డాక్టరుతో మాట్లాడి డోసు సరిచేయించుకోవాలి. ఇంకోటి, ఆయన కలుపుదామన్నది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకమేమో అడగండి. అవి వేసుకుంటూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వుని కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఐసీయూ దాకా పోవచ్చు. వాంతులు, ఆయాసం వస్తే మీటర్ చూసి ధైర్యంగా కూర్చోకండి.

డల్లాస్ అల్లుడు

నాది వేరే కథ. మనవాళ్లందరూ కొబ్బరి నూనె తాగుతున్న రోజుల్లో నేనూ తాగా, పొద్దున్నే కాఫీలో నాలుగు చెంచాలు, పైన మీగడ, నెయ్యి. తొమ్మిది కిలోలు తగ్గా, కానీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 121 నుంచి 183కి పోయింది. అందరికీ ఇలా పెరగదు, నాకు పెరిగింది. అన్నం తగ్గించడం అలాగే ఉంచి కొబ్బరి నూనె ఆపేశా, నువ్వుల నూనె, బాదం, పల్లీలకి మారా. ఐదు నెలలకి 130 దగ్గర నిలబడింది. మొదలుపెట్టేముందు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ. కిడ్నీల్లో తేడా ఉంటే ఈ మీల్ మేకర్లూ పనీర్లూ కూడా అడిగే తినాలి.

ఖమ్మం కుర్రోడు

బస్సు సంగతి చదివి మా ఆవిడ నా చేతిలో ఫోన్ లాక్కుని మొత్తం రెండుసార్లు చదివింది. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఈలోపు కొలత మాత్రం మొదలైంది. ఆ ప్లాస్టిక్ కప్పు ఇన్నాళ్లూ బియ్యం డబ్బాలోనే ఉంది, నలుగురికి మధ్యాహ్నం మూడు కప్పులట, అందులో సగం నాదేనని ఇంట్లో ఏకగ్రీవంగా తేల్చారు. ఒక్క డౌటు, నవ్వకండి. ఆవకాయ తినొచ్చా?

పప్పుచారు

ఆవకాయలో పిండిపదార్థం పెద్దగా ఉండదు అన్నా, దాని వెనకాల వచ్చే అన్నంతోనే గొడవ. ఉడికించిన గుడ్డుని రెండు చెక్కలు చేసి మధ్యలో ఆ ఎర్రటి గుజ్జు కొంచెం రాసి చూడండి. అమ్మగారు చూడకుండా.