కోనసముద్రం ఉక్కును మాంత్రిక లోహంగా పెట్టాలంటే రూల్స్ ఎట్ల?

ప్రశ్న – హనుమకొండ డైస్:
డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి పాత్రలు ఆడే ఆట) ఐదో ఎడిషన్‌ల కాకతీయుల కాలం లాంటి రాజ్యం పెట్టి క్యాంపెయిన్, అంటే ఆటకు పొడుగు కథ, రాస్తున్న. పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల గుంపు, నాలుగో లెవెల్. లోహం మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల పాతకాలం చేసిన పేరుమోసిన ఉక్కే కావాలె. ఉత్త ప్లస్ వన్ కత్తి (పాచికకు ఒకటి కలిపే మాంత్రిక కత్తి) అని తేల్చేస్తే దానికి అన్యాయం. కత్తికి, కవచానికి ఏం ఇయ్యాలె? పార్టీల కమ్మరి ఉన్నడు, సొంతంగ చేసుకుంటనంటడు.

జవాబు – పాచికలన్న:
ఆటల ఉన్న అడమాంటైన్ అనే లోహం కవచం క్రిటికల్‌ను (20 పడితే తగిలే పెద్ద దెబ్బను) మామూలు దెబ్బ చేస్తది. మిత్రల్ అనే ఇంకో లోహం స్టెల్త్‌కు, అంటే చాటుగ కదులుడుకు, కవచంతోని వచ్చే డిసడ్వాంటేజ్ (రెండుసార్లు పాచికేసి చిన్న అంకె తీసుకునుడు) తీసేస్తది. ఆ రెండు జాగాలు నిండినయి తమ్మీ, ఉక్కుకు మిగిలింది పదునే. 19కే క్రిటికల్ అని మాత్రం ఇయ్యకు, ఛాంపియన్ ఫైటర్ అనే యోధుని పాత్రకు మూడో లెవెల్‌ల వచ్చేది అదే. మూడు ‘పదును’ పాయింట్లు పెట్టు. దెబ్బ తగిలినంక ఒకటి ఖర్చు చేస్తే 1డి6 (ఒక ఆరు ముఖాల పాచిక) డ్యామేజ్ అదనం. దాడికి నేచురల్ 1 (పాచిక మీదనే ఒకటి) పడితే ఒక పాయింట్ పోతది. షార్ట్ రెస్ట్‌ల (ఆటల చిన్న విరామం) సాన పడితే ఒకటి, లాంగ్ రెస్ట్‌కు (రాత్రి నిద్ర లాంటి పెద్ద విరామం) మొత్తం తిరిగొస్తయి.

జవాబు – కొలిమికాడ:
తయారీకి అసలు పద్ధతే వాడు, అంతకంటె మంచి మంత్రం దొరకదు. మట్టిల వరి ఊక కలిపి చేసిన మూసల, అంటే లోహం కరిగించే కుండల, ఇనుప ముక్కలు పెట్టి మూతి మూసేటోళ్లు. 1820లల్ల కోనసముద్రం వచ్చిన ఇంగ్లిష్ భూగర్భ శాస్త్రవేత్త వాయిజీ, 24 గంటలు ఆపకుండ తిత్తులు ఊదుడు గురించి రాసిండు. ఇస్ఫహాన్ వర్తకుడు ఒకాయన ఉక్కు కొనుడు కూడ ఆయన అక్కడ చూసిండు, నీ కథల కొనేటోని పాత్రకు పనికొస్తడు.

మూస కరిగించుడు డీసీ 12 (డీసీ అంటే గెలవడానికి పాచిక మొత్తం చేరాల్సిన అంకె). రాత్రి తిత్తులు ఊదేటోళ్లు పడుకుంటే డిసడ్వాంటేజ్. తర్వాత మూస మెల్లగ చల్లారాలె, రోల్ వద్దు, ఒక రోజు ఆగాలె అంతే.

చల్లారిన ఉక్కు గడ్డను మళ్ల కాచి సాగగొట్టుడే అసలు గండం, డీసీ 16. ఇందుల కార్బన్ ఒకటిన్నర శాతం దాక ఉంటది. ఎర్రగ ఉన్నప్పుడే కొట్టాలె. పసుపు రంగుకొచ్చినంక సుత్తె ఏస్తే గడ్డ పగుల్తది. పగలకున్నా, ఎక్కువ కాగితే లోపలి గట్టి కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన పదార్థం) కరిగిపోయి ఈ ఉక్కు మీద తేలాల్సిన చారలు మాయమైతయి. అందుకే డీసీకి ఐదు లోపల తక్కువ పడితే మామూలు కత్తి, ఐదు, అంతకంటె ఎక్కువ తక్కువ పడితే గడ్డ ముక్కలు. గెలిస్తే నున్నగ రుద్ది ఆమ్లం పొయ్యమను: నల్లటి నేల మీద తెల్లటి గీతలు నీళ్ల అలల లెక్క తేల్తయి. ఆ గీతలు కనబడ్డంకనే పాచికలన్న చెప్పిన పదును పాయింట్లు ఇయ్యి.

హనుమకొండ డైస్:
మరి కవచం?

పాచికలన్న:
ఒళ్లంత కవచం ఇయ్యకు, డాలు ఒక్కటి చాలు. లాంగ్ రెస్ట్‌కు ఒకసారి రియాక్షన్‌తోని (ఎదుటోడు కొట్టినప్పుడు వెంటనే చేసే ఎదురు చర్య) దెబ్బల 1డి8 (ఒక ఎనిమిది ముఖాల పాచిక) తగ్గించాలె. ఉక్కును ‘మ్యాజికల్’ అంటవా అనవా ఇప్పుడే తేల్చుకో. అన్నవంటే రస్ట్ మాన్‌స్టర్ (ఇనుమును తుప్పు పట్టించే జీవి) తుప్పు దాన్ని ముట్టదు, 2014 రూల్స్‌ల తోడేలుమనిషికి మామూలు ఆయుధాల దెబ్బ తగలనియ్యని ఇమ్యూనిటీ కూడ పనిచెయ్యదు. నాలుగో లెవెల్‌ల 1డి6 కంటె అదే పెద్ద లాభం.